ఐసు ముట్టిన వేలు

అక్షరాలు నాకు మనవలు పుట్టాక వచ్చాయి. తప్పులుంటే సర్దుకుని చదవండి. రాయడం కూడా నెమ్మదే. అయినా ఈ పిల్లల కథ ఎవరో ఒకరు రాయాలి కదా.

మా పక్కింటి నరేష్ ఫిషింగ్ హార్బర్‌లో ఐసు ఫ్యాక్టరీ కుర్రాడు. తెల్లారకముందే దిమ్మలు పగలగొట్టి బోట్లకి ఎక్కిస్తాడు. వాళ్ళమ్మ గంగాలమ్మకి రొమ్ము కేన్సర్. కొత్త మందు ఎక్కిస్తున్నారు. ఆ మందు ఒక్కొక్కరికి ఊపిరితిత్తుల్లో వాపు తెస్తుందట. అందుకని ఆస్పత్రివాళ్ళు ఒంట్లో ఆక్సిజన్ ఎంతుందో చూపే, వేలికి పెట్టుకునే క్లిప్పు ఇచ్చి, ఫోన్‌లో యాప్ వేశారు. రోజూ క్లిప్పు పెట్టాలి. దగ్గుందా, ఆయాసముందా అని అడిగితే నొక్కాలి. అంకె దానంతటదే ఆస్పత్రికి వెళ్ళిపోతుంది.

మొదటి రోజు, తల్లికి నేర్పిద్దామని నరేష్ తన వేలికే పెట్టుకున్నాడు. వెంటనే ఫోన్ మోగింది.

"ఆస్పత్రి నుంచి సిస్టర్ రోజలిన్‌ని. గంగాలమ్మ గారిని కూర్చోబెట్టండి. పెదాలు నీలంగా ఉన్నాయా? ఆక్సిజన్ ఎనభై నాలుగే చూపిస్తోంది!"

"ఆ ఏలు నాదండి. ఇప్పుడే ఐసు మోసొచ్చినాను."

"చల్లటి వేలికి తప్పు చూపిస్తుందని చెప్పాం కదా! అది మీ అమ్మగారి ఊపిరండీ, ఆటబొమ్మ కాదు!"

ఫోన్ పెట్టేసింది.

"ఏటిరా, తిట్టిందా?" అంది గంగాలమ్మ.

"బాగా తిట్టింది."

"మరెందుకురా నవ్వుతన్నావ్?"

వారం తిరక్కుండా అంకె మళ్ళీ పడిపోయింది. ఫోన్ మోగింది. నరేష్ కంగారుగా తల్లి చెయ్యి పట్టుకుంటే, చల్లగా జివ్వుమంది. కొంగు కింద ఐసు ముక్క!

"అమ్మా! ఏటే ఈ పని?"

గంగాలమ్మ ఫోన్ లాక్కుంది. "తల్లీ, నీ గొంతింటే మావోడు రెండు ముద్దలెక్కువ తింటన్నాడమ్మా."

అవతల కిసుక్కున నవ్వు. "ఐసు పారెయ్యండి ఆంటీ. డ్యూటీ దిగాక నేనే చేస్తాను."

చేసింది, ప్రతి సాయంత్రం. మాటలు దగ్గుతో మొదలై, ఆమె ఉండే దువ్వాడలో వాన, చర్చిలో ఆమె పాడిన పాట, వలలో పడ్డ చందువా చేప దాకా వెళ్ళేవి.

"అసలు మీరెలా ఉంటారండీ?"

"ఐసు మోసీవోడు ఎలాగుంటాడు? తడిసుంటాడు."

వానలు మొదలైన రోజుల్లో ఒక పొద్దున అంకె పడింది.

"ఐసేరా," అని నవ్వబోయి దగ్గింది గంగాలమ్మ.

నరేష్ ఆ చెయ్యి పట్టుకున్నాడు. వెచ్చగా ఉంది. క్లిప్పు తీసి మళ్ళీ పెట్టాడు. అదే అంకె.

"సెప్పకురా. తెలిస్తే మందాపేత్తారు. నీ పెళ్ళి సూసీదాకా నాకా మందుండాలి."

ఫోన్ మోగింది. "ఏం నరేష్ గారూ, మళ్ళీ ఐసేనా?"

తల్లి తల అడ్డంగా ఊపుతోంది, బతిమాలుతున్నట్టు.

"కాదండి," అన్నాడు నరేష్. "సెయ్యి ఎచ్చగా ఉంది."

ఆస్పత్రిలో వాపని తేలింది. మందు ఆపేశారు. ఊపిరి కుదుటపడింది గానీ కేన్సర్ ఆగలేదు. నరేష్, రోజలిన్ ఒకరి ముఖం ఒకరు మొదటిసారి చూసుకున్నది అక్కడి వార్డులోనే. గంగాలమ్మ ఆ అమ్మాయి చెయ్యి తీసి కొడుకు చేతిలో పెట్టింది. "గుడో, చర్చో మీ ఇష్టం. ఈడు అన్నం తినీలాగ సూడమ్మా."

శ్రావణం రాకుండానే గంగాలమ్మ పోయింది.

క్లిప్పు తిరిగివ్వడానికి నరేష్ ఫ్యాక్టరీ నుంచి నేరుగా ఆస్పత్రికి వచ్చాడు. "మందాపించింది నానేనండి," అన్నాడు రోజలిన్‌తో, తల దించుకుని.

"ఆ రోజు మీరు చెప్పకపోతే అమ్మగారు ఊపిరాడకుండా పోయేవారు. మీ మాట వల్ల చివరి రోజుల్లో కంటినిండా నిద్రపోయారు, నా చెయ్యి పట్టుకుని."

రోజలిన్ క్లిప్పు లోపల పెట్టలేదు. అతని వేలికి తొడిగింది. ఎనభై నాలుగు. ఆ చల్లటి చేతిని తన రెండు చేతుల మధ్యా పెట్టుకుంది. అంకె మెల్లగా పైకి పాకింది. చెయ్యి వదలాల్సి వస్తుందని కళ్ళు కూడా తుడుచుకోలేదు.

"సాయంత్రం ఫోన్ చేస్తాను. అన్నం తిన్నారో లేదో చెప్పాలి."

"ఫోనొద్దండి," అన్నాడు నరేష్. "ఇంటికి రండి. ఒక్కణ్ణీ తినలేకపోతన్నాను."

తవిటమ్మ,
అరవై తొమ్మిదేళ్ళు,
ఇప్పుడు కూతురి దగ్గర ఉక్కునగరంలో ఉంటున్నాను.