ఫోటోలో కదిలిన మనిషి

“ఈ హెల్మెట్‌ని ఎవరు ముట్టుకున్నారు?”

ఫైర్ స్టేషన్ మేడ మీద గదిలోంచి వచ్చిన ఆ కేకకి కింద షెడ్డులో ఉన్నవాళ్లంతా ఉలిక్కిపడ్డారు. మ్యూజియం నుంచి వచ్చిన అమ్మాయి అంత గట్టిగా అరవగలదని ఎవరూ అనుకోలేదు మరి. వచ్చినప్పటినుంచీ తెల్ల గ్లవుజులు తొడుక్కుని, స్టేషన్లోని పాత సామాన్లని పసిపిల్లల్ని ఎత్తుకున్నట్టు ఎత్తుకుంటూ, తన మానాన తను పని చేసుకుపోయే పిల్ల. ఆ మేడ మీద గదిని పాత ఫైర్ సర్వీస్ ప్రదర్శనగా మార్చడం ఆమె ఉద్యోగం.

రెండేసి మెట్లు ఎక్కుతూ ఒకతను వచ్చాడు. గ్రీజు మరకల చొక్కా, చేతిలో గుడ్డ, మొహం నిండా నవ్వు.

“నేనేనండీ! ఎలా ఉంది? అద్దంలా లేదూ?”

అద్దంలాగే ఉంది. ఏడుపంతా అదే. నిన్న సాయంత్రం దాకా ఆ ఇత్తడి హెల్మెట్ మీద నూరేళ్ల నాటి పొగ ఉంది, మసి ఉంది, ఎవరెవరో పట్టుకున్న వేళ్ల గుర్తులున్నాయి. ఇవాళ అందులో ఆమె మొహమే కనిపిస్తోంది, అదీ కోపంగా.

“ఆ మచ్చలే కదండీ దాని చరిత్ర! అవి రావడానికి నూరేళ్లు పట్టింది.”

“పోవడానికి ఒక్క పూటే పట్టిందండీ,” అన్నాడతను గర్వంగా. ఆమె చూపు చూసి గుడ్డని వీపు వెనక దాచుకున్నాడు. “అంటే... మా దగ్గర ఇత్తడి మెరవకపోతే చీఫ్‌గారు తోలు తీస్తారు.”

“ఇక్కడ మెరిస్తే నేను తీస్తాను.”

ఆ రోజే గుమ్మం దగ్గర నేలకి అడ్డంగా ఎర్ర టేపు అంటించింది. ఆ గీత దాటి ఎవరూ లోపలికి రాకూడదు, చేతిలో గుడ్డ ఉన్నవాళ్లు అసలే రాకూడదు. అతనికి ‘పాలిష్’ అని పేరు కూడా పెట్టింది. సాయంత్రానికల్లా ఆ పేరు స్టేషనంతా పాకిపోయింది.

పాలిష్ మాత్రం మానలేదు. డ్యూటీ దిగగానే వచ్చి గీత అవతల నిలబడి, రెండు చేతులూ పైకెత్తి చూపించేవాడు. “ఖాళీ మేడం! కావాలంటే జేబులు కూడా వెతుక్కోండి.”

అక్కణ్నుంచే కబుర్లు. ఆ తోలు బకెట్లతో మనుషులు వరసగా నిలబడి నీళ్లు అందించేవారట. ఆ ఇత్తడి బూర ఊదడానికి కాదట, అందులోంచి కేకలేసేవారట. తనొకసారి అరిచి చూస్తే చీఫ్‌గారి చేతిలో టీ కప్పు జారి పడిందట. ఆమె తలెత్తకుండా “ఊఁ” అనేది. కొన్నాళ్లకి తలెత్తి “ఊఁ” అంది. ఇంకొన్నాళ్లకి తన బల్లని గుమ్మం దగ్గరికి జరుపుకుంది. వెలుతురు కోసం అని తనకి తనే చెప్పుకుంది గానీ, కిటికీ ఉన్నది అటువైపు గోడకి.

అంతా బాగానే సాగుతుండగా ఆ ఫోటో వచ్చి పడింది.

పాత ఫోటోల పెట్టెలో ఉన్నవాటిలో అదే పెద్దది, అట్ట ఫ్రేములో బిగించి ఉంది. స్టేషన్ ముందు చేత్తో కొట్టే పాత పంపు బండి, దాని వెనక రెండు వరసల్లో ఫైర్‌మెన్. మీసాలు మెలేసి, ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. అందరూ చక్కగా వచ్చారు, వెనక వరస చివరాయన తప్ప. ఆయన మెడ మీద మొహం ఉండాల్సిన చోట తడి చేత్తో అలికినట్టు ఒక మరక ఉంది. ఆమె పెదవి విరిచి దాన్ని పక్కన పడేసింది.

“అదెందుకు తీసేశారు?” అన్నాడు గీత అవతల్నుంచి.

“ఎవడో బుద్ధిలేనివాడు కదిలాడండీ. బంగారంలాంటి ఫోటో తగలెట్టాడు.”

పాలిష్ నవ్వలేదు. అతను నవ్వకపోవడం ఆమె అదే మొదటిసారి చూడటం. “సరేనండీ,” అని కిందికి దిగి వెళ్లిపోయాడు.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. గది ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని ఆమెకి అప్పుడే తెలిసింది. ఇక ఆగలేక చీఫ్‌గారి దగ్గరికి వెళ్లి, ఏమీ పట్టనట్టు మొహం పెట్టి అడిగింది.

“ఆ కదిలినాయన వాడి ముత్తాతమ్మా,” అన్నాడాయన. “వాళ్ల బామ్మకి తండ్రి. ఆవిడ ఉయ్యాల్లో ఉండగానే పోయాడు. ఆయనది ఉన్నదల్లా ఆ ఒక్క ఫోటోనే. మా నాన్న మొహం ఎలా ఉంటుందో చూపించరా అని ఆవిడ ఇప్పటికీ వాణ్ణి అడుగుతుంటుంది. ఇంకో ఫోటో ఏదైనా బయటపడుతుందేమోననే వాడు మీ గుమ్మం దగ్గర కాపలా కాసింది.” కాస్త దగ్గాడు. “మొదట్లో అందుకే అనుకోండి.”

ఆమె చెవులు వేడెక్కాయి. సగం సిగ్గుతో, సగం ఆ చివరి మాటకి.

పాలిష్ పెరట్లో తడి హోస్ పైపులు ఆరేస్తున్నాడు.

“తప్పయిపోయింది. నోరు జారాను.”

“మీరన్నది అబద్ధమేం కాదులెండి,” అన్నాడు పైపు పిండుతూ. “మా ఇంట్లో అందరం ఆయన్ని అదే అంటాం. బయటివాళ్లు అనేసరికి మాత్రం మనసు చివుక్కుమంది.”

“మీ ఇంట్లో అందరూనా?”

“బామ్మ వాళ్లమ్మ మాత్రం అననిచ్చేది కాదట. ‘ఆ ఫోటో పాడైంది నావల్లేనే’ అని నవ్వేదట. ఎందుకో చెప్పేది కాదు.”

“ఒక పని చెయ్యండి. అప్పట్లో ఫోటోలు గాజు పలకల మీద తీసేవారు. ఆ పలక దొరికితే, కాయితం మీద రానివి కూడా అందులో కనపడొచ్చు.”

అంతే. డ్యూటీ లేనప్పుడల్లా అతను అటకలు, గోదాములు, పైపులు ఆరబెట్టే టవరు, అన్నీ ఎక్కి దిగాడు. చివరికి ఒక సాయంత్రం, వాన దంచి కొడుతుండగా, గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. రెయిన్‌కోటు ఒంటి మీద లేదు, చేతిలో ఉన్న చెక్కపెట్టెకి చుట్టి ఉంది. ఒంటి మీంచి మాత్రం నీళ్లు ధారగా కారుతున్నాయి.

“మేడం, ముందే ఒక మాట. తుడవలేదు. ఒట్టు! చేతులు దురద పెట్టాయి గానీ తుడవలేదు.”

పెట్టెలో గాజు పలక, దాని మీద వేలెడు మందం దుమ్ము. గుడ్డ పెట్టి ఒక్క రుద్దు రుద్ది ఉంటే దుమ్ముతో పాటు బొమ్మ కూడా ఊడి వచ్చేసేది. ఆమె పలకని చూసింది, అతన్ని చూసింది. ఇంత ముద్దొచ్చే మనిషిని తను తోలు తీస్తానని బెదిరించిందా?

“లోపలికి రండి.”

“గీత ఉందండీ.”

ఆమె వంగి ఎర్ర టేపు పీకి పారేసింది.

దుమ్ముని మెత్తటి బ్రష్‌తో ఓపిగ్గా విదిలించి, స్కాన్ చేసి, కంప్యూటర్లో పెద్దది చేసి చూశారు. ముత్తాత కోటు గుండీలు స్పష్టంగా ఉన్నాయి. మొహం మాత్రం అదే మరక.

“అయిపోయింది,” అని కుర్చీలో కూలబడ్డాడు పాలిష్. “బామ్మకి ఏం చెప్పను?”

“ఉండండి. ఆయన ఎటు తిరిగాడో చూద్దాం.” మరక కుడివైపుకి, పైకి సాగి ఉంది. ఆమె బొమ్మని అటే జరుపుతూ పోయింది. ఫోటో ఫ్రేములో అట్ట కింద దాగిపోయిన అంచు వచ్చింది. పక్కింటి మేడ, ఆ మేడకో కిటికీ, కిటికీలో గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కిందికి చూస్తున్న ఒక అమ్మాయి. నుదుటి మీద పడ్డ వెంట్రుక కూడా లెక్కపెట్టొచ్చు, అంత స్పష్టంగా ఉంది.

“బామ్మది ఇదే ముక్కు,” అన్నాడతను నెమ్మదిగా.

“ఆయన కదిలాడు,” అంది ఆమె. “ఆవిడ కదల్లేదు. కదలొద్దని ఆవిడకి ఎవరూ చెప్పకపోయినా.”

ఇద్దరి తలలూ స్క్రీన్ ముందు దగ్గర దగ్గరగా ఉన్నాయి. ఏదో ఒకటి అనాల్సిన సమయం. పాలిష్ గొంతు సవరించుకుని, “ఆ పంపు బండి చక్రాలు టేకువండీ,” అన్నాడు.

ప్రదర్శన మొదలైన రోజున ఆ ఫోటో గుమ్మానికి ఎదురుగా, గోడంత పెద్దదిగా, అంచుతో సహా వేలాడింది. బామ్మ వచ్చి దాని ముందు నిలబడిపోయింది. “దొంగమొహం! నావల్లేనే అంటే ఇదా!” అని వాళ్లమ్మని తిట్టి, పగలబడి నవ్వి, కళ్లు తుడుచుకుంది. తరవాత ఆ మరకని వేలితో చూపించి, “మా నాన్న మొహం మాత్రం నాకు రాసిపెట్టి లేదు,” అంది.

మ్యూజియం అమ్మాయికి మర్నాడు పొద్దున్నే బండి. ఇంకో ఊళ్లో ఇంకో పని. ఆ సంగతి స్టేషన్లో అందరికీ తెలుసు, పాలిష్‌కి ఇంకా బాగా తెలుసు. అయినా పొద్దుట్నుంచీ నాజిల్స్ గురించీ, నిచ్చెనల గురించీ చెబుతున్నాడు గానీ అసలు మాట చెప్పడే! మంటల్లోకి దూకే మనిషికి నాలుగు ముక్కలు పెగలవా అని ఆమెకి ఒళ్లు మండింది. తనకీ పెగలడం లేదన్న సంగతి తలుచుకుంటే ఇంకా మండింది.

చివర్లో గ్రూప్ ఫోటో. చీఫ్‌గారి సరదా కొద్దీ పాత పద్ధతి ఫోటోగ్రాఫర్‌ని పిలిపించారు. మూడు కాళ్ల కెమెరా, నల్ల గుడ్డ, అన్నీ ఉన్నాయి.

“మబ్బు పట్టింది, కాస్త ఎక్కువసేపు తియ్యాలి. నేను చాలు అనేదాకా కదలకండి,” అన్నాడు ఫోటోగ్రాఫర్.

“ఎవడైనా కదిలాడో, నెల్లాళ్లు ఇత్తడి తోమిస్తా!” అన్నారు చీఫ్‌గారు.

బామ్మకి కెమెరా పక్కనే కుర్చీ వేశారు. పంపు బండి వెనక ఫైర్‌మెన్ రెండు వరసలు. అడ్డం రాకుండా మ్యూజియం అమ్మాయి పక్కింటి మేడెక్కి కిటికీ దగ్గర నిలబడింది. ఇదే ఆఖరిసారి చూడటం అనుకుంటూ కిందికి చూసింది. చెయ్యి ఎప్పుడు గడ్డం కిందికి వెళ్లిందో తనకే తెలీదు.

ఫోటోగ్రాఫర్ లెన్స్ మూత తీశాడు. సన్నగా తుంపర మొదలైంది. కింద హెల్మెట్లన్నీ నిటారుగా ఉన్నాయి. వెనక వరస చివర ఒక్క హెల్మెట్ మాత్రం మెల్లిగా తిరిగింది. కుడికి. పైకి.

ఆమె కదల్లేదు.

“చాలు!”

గంట తరవాత ఫోటో కడిగి తెచ్చేసరికి అందరూ మూగారు. చీఫ్‌గారు దాన్నీ, పాలిష్‌నీ మార్చి మార్చి చూశారు. “మళ్లీనా! మీ వంశానికి మెడలో స్క్రూ లూజా?”

“మెడ పట్టేసిందండీ.”

“ఎటువైపు?” అంది మ్యూజియం అమ్మాయి వెనకనుంచి.

పాలిష్ తిరిగి చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. “మేడ వైపు.”

స్టేషనంతా గొల్లున నవ్వింది.

“రేపటి బండి మానుకోమంటారా?” అంది ఆమె, అతనికి మాత్రమే వినపడేలా.

“అంటే మానుకుంటారా?”

“ముందు అని చూడండి. టేకు చక్రాల గురించి కాకుండా.”

“వెళ్లకండి,” అన్నాడు. “మీరంటే నాకు ఇష్టం. ఆ హెల్మెట్లో కోపంగా కనపడ్డ రోజునుంచీ.”

“మానుకున్నాను,” అంది.

“అమ్మాయ్, ఇలా రా,” అని బామ్మ ఆమె చెయ్యి పట్టి దగ్గరికి లాక్కుంది. రెండో చేతిలో కొత్త ఫోటో ఉంది. “ఏరా, ఇందులో నీ మొహం కనపడటం లేదు.”

“కనపడదు బామ్మా. కదిలాను కదా.”

“పోన్లే. నేను కెమెరా పక్కనే కూర్చున్నా. కిటికీ వైపు తిరిగినప్పుడు నీ మొహం కళ్లారా చూశాను.” ఆవిడ ఫోటోని అతని చేతిలో పెట్టేసి నవ్వింది. “మా నాన్న మొహం ఎలా ఉండేదో నాకిప్పుడు తెలుసురా. ఇంక నిన్ను అడగను.”