సూరని మస్టర్

పన్నెండో లైను చివరి క్వార్టర్ మంచిది కాదు. పాత కాలనీ చుట్టుపక్కల ఎవ్వర్ని కదిలిచ్చినా ఇదే మాట చెప్తరు.

బొగ్గు తవ్వే ఓపెన్‌కాస్టు గని దగ్గరికొస్తాందని రెండేండ్ల కింద కాలనీ మొత్తం ఖాళీ చేయించిన్రు. తలుపులు, కిటికీలు ఎవలికి దొరికినయి వాళ్లు పీక్కపోయిన్రు. కరెంటు లేదు, నల్లా లేదు. సర్కారు తుమ్మ మొలిచి వాకిళ్లు మూసుకపోయినయ్. అయినా ఆ చివరి ఇంట్ల రాత్రి పన్నెండు దాటినంక ఎలుగు కనబడుతదట... నీలం రంగు ఎలుగు. దాని ఎనుకనే గలగలమని సప్పుడు — రేకు డబ్బల ఏదో ఆడిచ్చినట్టు. సెకండ్ షిఫ్టు అయిపోయి అడ్డదారిన వచ్చేటోళ్లు ఇప్పుడు చుట్టు తిరిగి పోతున్నరు. నవ్వుకుంటె నవ్వుకోండ్రి గని, మీరైనా గట్లనే పోతరు.

దీపకు మాత్రం ఆ సప్పుడు ఏందో తెలుసు. అది పాచికల సప్పుడు.

దీప మీసేవ సెంటర్ల కంప్యూటర్ కాడ కూసుంటది. ఆమె, భూపాల్, అంజి ముగ్గురు చిన్నప్పటి దోస్తులు. ఆ క్వార్టర్ అంజోళ్లదే. ఇల్లు ఖాళీ అయినంక ఆదివారం ఆదివారం అండ్ల సాప పరుసుకోని ఒక ఆట ఆడెటోళ్లు. దాంట్ల గెలుసుడు, ఓడుడు ఉండది. ఒకలు కథ చెప్పాలె, మిగిలినోళ్లు ఆ కథల మనుషులై బతకాలె. దెబ్బ తాకిందా, తప్పిచ్చుకున్నడా — పాచికలు ఏసి తేల్చాలె. కథ చెప్పేది దీప.

ఎవని మనిషికి ఎంత బలం, ఎంత ప్రాణం, చేతుల ఏమున్నయ్ అని రాసుకునేటందుకు దీపనే ఒక ఎక్సెల్ షీటు చేసింది. ముగ్గురి ఫోన్లల్ల అదే షీటు. ఒకలు మారిస్తె అందరికీ మారుతది. ప్రాణం సున్నా అయితె ఆ వరుస మొత్తం ఎర్రగైపోయేటట్టు ఫార్ములా పెట్టింది.

అంజి తన మనిషికి సూరడు అని పేరు పెట్టిండు. వస్తువుల గడిల మొట్టమొదలు 'ల్యాంపు' అని రాసుకున్నడు. "కత్తి లేకుంట ల్యాంపేందిరా?" అని భూపాల్ నవ్వితె, "మా బాపు ల్యాంపు రూముల పని చేస్తడు. ల్యాంపు లేకుంట ఎవ్వన్నీ బొగ్గుబాయి దిగనియ్యడు" అన్నడు.

ఆఖరి ఆదివారం సూరడు సొరంగంల పడ్డడు. ప్రాణం ఒకటే మిగిలింది. "నన్ను సంపుతవా ఏందే?" అన్నడు అంజి. దీప నవ్వుకుంట, "వచ్చే ఆదివారం చెప్త... బతికితె" అన్నది.

ఆ రాత్రే వానల బండి జారి అంజి సచ్చిపోయిండు.

బతికితె... ఆ పాడు మాట నోట్లెకెళ్లి ఎందుకొచ్చిందో అని దీప ఏడ్వని రోజు లేదు. ఎవ్వరికీ చెప్పుకోలే. అంజోళ్లింటికి పోయి వాళ్లమ్మ మొఖం చూసే ధైర్యం గూడ చాలలే.

నెల దాటినంక ఒక రాత్రి నిద్ర పట్టక షీటు తెరిచింది.

సూరడు. ప్రాణం — ఇరవై.

కండ్లు తుడుసుకోని మళ్ల చూసింది. ఇరవయ్యే. మార్చిందెవలు అని చూస్తె... అంజి. గంట కింద, పన్నెండున్నరకు. నిన్న, మొన్న గూడ అదే యాళ్లకు. రోజుకొకటి పెంచుకుంట వస్తున్నడు.

తెల్లారి భూపాల్‌కు చూపెడితె వాడు ఫోను దూరం నెట్టిండు.

"వరుస మొత్తం కొట్టేయ్ దీపా" అన్నడు గుసగుసగ. "పేరు తీసేయ్. మనం వాన్ని పోనిస్తలేం..."

దీప వేలు పెట్టింది గని నొక్కలేకపోయింది. "ఒక్కసారి ఆ ఇంటికి పోత. ఉంటె... తప్పైందని చెప్త. అప్పుడు తీసేస్త."

ఆ రాత్రి ఇద్దరు పోయిన్రు. ఇద్దరంటె — భూపాల్ మూల మీది స్తంభం కాన్నే ఆగిపోయిండు. మీసాలు మంచిగనే ఉన్నయ్, కాళ్లే కదల్లే.

దీప ఒక్కతే నడిసింది. తుమ్మ ముండ్లు చున్నీకి పట్టుకుంటె గుంజుకుంట...

చివరి క్వార్టర్.

లోపట నీలం ఎలుగు.

గలగల... గలగల...

చేతుల ఫోను తెరిచింది. షీటు తెరిచినోని ఫొటో గుండ్రంగ పైన లేచింది. అంజి. ఇప్పుడే, ఈ నిమిషమే వచ్చిండు. సూరని గడి కాడ ఆగిండు. ఇరవై పోయింది... ఇరవై ఒకటి పడ్డది.

దీప గోడకు ఆనుకోని కూలబడ్డది.

"అంజీ..." అన్నది. "తప్పైందిరా..."

గలగల ఆగింది.

"ఎవలది?"

అది అంజి గొంతు కాదు. పెద్దమనిషి గొంతు.

దీప తలుపులేని దర్వాజలకెళ్లి తొంగి చూసింది. రెండిటుకల మీద కూసోని ఉన్నడు రాజం, అంజి వాళ్ల నాయిన. ఒంటి మీద డ్యూటీ బట్టలు, పక్కన టిఫిన్ సంచి. ఒక చేతుల పాచికల డబ్బ, ఇంకో చేతుల కొడుకు ఫోను.

"కాకా... నువ్వా?"

"దీపవా బిడ్డా? మీ చిన్నమ్మకు చెప్పకు. కొడుకు ఫోను చూస్తె ఆమె ఆగమైతది. గందుకే డ్యూటీ నుంచి సక్కగ ఈడికొచ్చి, నా పని చూసుకోని ఇంటికి పోత."

"ఏం పని కాకా?"

"మస్టర్ ఏస్తున్న."

దీపకు అర్థం కాలే. మస్టర్ అంటె బాయిల డ్యూటీ హాజరు. అది ఈడెందుకు?

"ఒకనాడు వాన్ని అడిగిన, గిదేందిరా ఫోన్ల అని. 'మా మస్టర్ బాపూ. సున్నా పడితె ఎర్రగైతది, నా పేరు తీసేస్తరు' అన్నడు. దినాలైనంక ఫోను తెరిస్తె... ఒకటే ఉన్నది బిడ్డా. ఒక్క మస్టర్ ఉన్నోని పేరు ఎవలుంచుతరు? గందుకే దినానికొకటి ఏస్తున్న. వాడెట్ల చేసెటోడో గట్లనే, డబ్బ ఆడిచ్చి. మీరు వాని పేరు తియ్యొద్దని."

దీప ఆ పేరు తీసేద్దామనే వచ్చింది. తల ఎత్తలేకపోయింది. ఏడ్సుకుంటనే చెప్పింది — ఆఖరి ఆదివారం 'బతికితె' అన్న సంగతి.

రాజం పాచికల డబ్బ పక్కకు పెట్టిండు. "మాటకు ఎవలు పోరు బిడ్డా" అన్నడు. "వాన పడ్డది. బండి జారింది. గంతే."

తర్వాత మెల్లగ అడిగిండు. "గా సూరడు... ఇప్పుడు ఏడున్నడు?"

"సొరంగంల పడ్డడు కాకా. ఆడనే ఆపిన."

"అప్పటిసంది లోపల్నే ఉన్నడా?" రాజం ముందుకు వంగిండు.

ముప్పై ఏండ్ల సంది ల్యాంపు రూముల పని చేసే మనిషి. షిఫ్టు అయినోళ్లు ల్యాంపులు జమ చేసి పోతరు. ఒక్క ల్యాంపు తక్కువ పడ్డదా, మనిషి ఇంక లోపల్నే ఉన్నడని లెక్క. ఆ ల్యాంపు వచ్చేదాక రాజం ఇంటికి పోడు.

"తీసుకరా బిడ్డా" అన్నడు. "వాన్ని పైకి తీసుకరా."

దీప ఎదురుంగ కూసున్నది. రాజం డబ్బ ఆడిచ్చి పాచికలు ఏసిండు. ఎంత పడ్డదో ఆమె చూడలే.

"సూరడు లేచిండు కాకా. మోకాలికి దెబ్బ తాకింది... గని ల్యాంపు ఆరలే. గోడ పట్టుకోని నడిసిండు. సల్లగాలి తగిలింది. గాలి ఎటుకెళ్లి వస్తాందో అటే పోయిండు... మెట్లు దొరికినయ్. ఒకటొకటి ఎక్కిండు. తెల్లారుతాంది. పైకి వచ్చిండు."

"ల్యాంపు జమ చేసిండా?"

చేసిండంటె మస్టర్లు ఇంగ ఉండయ్. రేపటిసంది ఈ మనిషికి ఈడికి వచ్చే పని ఉండది. దీప రాజం కండ్లల్లకు చూసింది. ఆ సంగతి ఆయనకు తెలిసే అడుగుతున్నడు.

"చేసిండు కాకా."

షీటు తెరిచి 'ల్యాంపు' అన్న అక్షరాలు తుడిచి, ఆ గడిల 'జమ' అని రాసి చూపెట్టింది. ఇరవై ఒకటి అట్లనే ఉంచింది.

"మంచిది. వాని షిఫ్టు అయిపోయింది" అన్నడు రాజం. కొడుకు ఫోను ఆమె చేతుల పెట్టిండు. పాడె మోసిననాడు కంట్ల తడి పెట్టని మనిషి, అప్పుడు గోడకు తల ఆనిచ్చి "కొడుకా..." అని గొల్లుమన్నడు.

ఆ ఏడుపు మూల మీది స్తంభం దాక వినబడ్డది. భూపాల్ బండి స్టార్టు చేసి ఉరికిండు. తెల్లారేసరికి పన్నెండో లైనుల మగ దెయ్యం ఏడ్సిందని అంతట పాకింది. ఇప్పుడు ఆ దిక్కు పగలు గూడ ఎవ్వరు పోతలేరు.

దీపను అడిగితె, ఔ, ఏడ్సింది, నేను గూడ విన్న అంటది.