స్టేషన్ ముందు ఒక్క కారు చోటు

కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే ఆ కుర్రవాడు పదేళ్ళలో ఒక్కరోజు కూడా స్టేషన్ ముందు పార్కింగ్ దొరక్క వెనక్కి తిరగలేదు. నూట ఇరవై కార్లు పట్టే చోటికి మూడొందలు వచ్చినా సరే, అతని కారు వస్తోందంటే గీతలే పక్కకి జరిగి దారిచ్చేవి.

అలాంటివాడు ఒకరోజు పొద్దున్నే ఒకమ్మాయి వెనకాల నత్తలా కారు పోనిస్తున్నాడు. ఆమె బేకరీలో రాత్రి డ్యూటీ ముగించుకుని అప్పుడే రైలు దిగింది. చేతిలో తాళాలున్నాయి. తాళాలుంటే కారుంటుంది, కారు కదిలితే చోటుంటుంది.

ఆమె గిరుక్కున తిరిగి కారు అద్దం మీద కొట్టింది.

“ఎంతదూరం వస్తారు నా వెనకాల?”

“మీ వెనకాల కాదండీ, మీ కారు కోసం. వెళ్తున్నారా?”

ఆమె కోపం సగం దిగింది. కారెక్కి, “వస్తానండి,” అని వెళ్ళిపోయింది.

మనవాడు ఆ మాట నమ్మేశాడు. ఏదో మరిచిపోయి ఉంటుంది, వస్తానన్న మనిషి చోటు లాక్కోవడం మర్యాద కాదనుకుని ఆ ఖాళీకి కాపలా కాశాడు. అటు తిరిగి ఇటు తిరిగేలోగా కుళాయిలు బాగుచేసేవాడి వ్యాను అందులో దూరింది. అతనెక్కాల్సిన ఏడూ పది రైలు కూతేసి పోయింది.

మర్నాడు ఆ సంగతి చెబితే ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. ఇంట్లో ‘వెళ్తాను’ అన్న మాట వినబడితే చాలు, వాళ్ళ నాయనమ్మ వెనక్కి పిలిచి కాసేపు కూర్చోబెట్టి గాని పంపదట. అందుకని ఆ నోటికి ‘వస్తాను’ తప్ప అలవాటు లేదు.

అన్నట్టు, పదేళ్ళన్నాను కదూ? అతను ఆ పార్కింగ్ మొహం చూసి అప్పటికి పది వారాలు. సగం రోజులు ఎక్కడో సందులో కారు వదిలి పరిగెత్తినవాడే. గీతలు జరిగాయో లేదో మీరే తేల్చుకోండి.

ఆ రోజునుంచి ఒప్పందం కుదిరింది. పొద్దున అతను వచ్చేదాకా ఆమె కారు కదిలించదు. సాయంత్రం ఆమె వచ్చేదాకా అతను కదలడు. ఒకే చోటు, పగలు అతనిది, రాత్రి ఆమెది. మధ్యలో పూటకి నాలుగు నిమిషాలు ఇద్దరిదీ.

ఒకసారి అతను, కొత్త కళ్ళజోడు పెట్టుకుని పక్కనున్న భార్య మొహం తేరిపార చూసిన ముసలాయన గురించి చెప్పాడు.

“ఏమన్నాడు?” అంది ఆమె.

“అద్దాలు తీసి కళ్ళు తుడుచుకున్నాడు.”

ఆవేళ ఆమె చాలాసేపు స్టీరింగు వదల్లేదు, కారూ తీయలేదు.

ఒక శుక్రవారం ఆమె, సోమవారం నుంచి తనకి పగటి డ్యూటీ అని చెప్పింది. అతను ఆరోజు ఒకే అద్దాన్ని రెండుసార్లు అరగదీశాడు. కారు చోటు పోతే ఇంకోటి దొరుకుతుంది. ఆ నాలుగు నిమిషాలు ఏ సందులో వెతుక్కోవాలి? రెండు తెల్లగీతల మధ్య పుట్టిన పరిచయం, గీత దాటి రమ్మంటే వస్తుందా?

శనివారం పొద్దున ఒకటే వాన. ఆమె తన కారు దాకా వెళ్ళలేక, ఎదురుగా ఆగిన అతని కారు తలుపు తీసి కూర్చుంది.

“ఇంక ఈ చోటుకోసం మనిద్దరం పోట్లాడుకోవాలేమో,” అన్నాడు. అతను అనుకొచ్చిన మాట అది కాదు.

“ఎక్కేది ఒకే రైలు. రెండు కార్లెందుకు?”

అతను వైపర్ల వంక చూస్తూ అన్నాడు. “నేను కార్ల సంగతి మాట్లాడ్డం లేదండీ.”

“నేను మాత్రం మాట్లాడుతున్నానా?” అంది ఆమె. “సోమవారం ఆరున్నరకి ఇంటికి రండి. వీధిలోంచి హారన్ కొట్టకండి. లోపలికొచ్చి మా నాయనమ్మని అడగండి.”

“ఏమని?”

“ముందు నన్ను స్టేషన్‌దాకా తీసుకెళ్తానని. ఆవిడ మొహం చిట్లించకపోతే మిగతాది కూడా.”

సోమవారం ఆవిడ అతన్ని ఎగాదిగా చూసింది. ఎక్కడ పనిచేస్తావని అడిగింది. విని, తన కళ్ళజోడు తీసి అతని చేతిలో పెట్టింది. ముక్కుమీద నిలవడం లేదు, సాయంత్రానికి బాగుచేసి పట్రమ్మంది. ఉన్నది ఆ ఒక్క జోడే. పొద్దుగూకేదాకా గోడలు తడుముకుంటూ అతనికోసం ఎదురుచూసింది. ఇంక అంతకంటే ఎవరేం అడుగుతారు?

ఇందులో వాన ఒక్కటే నేను కురిపించింది. ఆ శనివారం ఎండ ఫెళ్ళున కాసిందట. మరి అంత ఎండలో, పదడుగుల్లో తన కారుండగా, ఆ పిల్ల అతని కారెందుకెక్కిందో నన్నడిగితే నేనేం చెప్పను?