మధ్యవర్తి మర్యాద

“ఇద్దరు మధ్యవర్తుల్లో ఒకరు శత్రువు మనిషి. సంతకాలయ్యేలోపు పట్టుకో. బావి కోసం ఈ రెండు వర్గాలూ నరుక్కుని చెల్లాచెదురైతే, ఈ నేల కింద ఉన్న బంగారం విదేశీ ముఠాకి అప్పనంగా దొరుకుతుంది. ఓవర్.”

ఇయర్‌పీస్ మూగబోయింది. టీ కాచేవాడి వేషంలో ఉన్న ఏజెంట్ బిరామా కేటా పళ్లు నూరాడు. ఎవరో చెప్పరు, పట్టుకోమంటారు! బావి పక్కన పందిరి కింద రోజుల తరబడి చర్చలు. ఒకవైపు పశువుల కాపరులు, ఇంకోవైపు జొన్న రైతులు. అసలు మాట ఎత్తేసరికి మళ్లీ కుశలప్రశ్నలు మొదలు. మేకలు బాగున్నాయా? మేకపిల్లలు బాగున్నాయా? బిరామాకి ఒళ్లు మండిపోయింది.

ఈ జాగుకంతా కారణం ముసలి మధ్యవర్తి తియెమోకో కూలిబాలీ. అనుమానమంతా ఆయన మీదే. రాజధాని నుంచి వచ్చిన రెండో మధ్యవర్తి మదామ్ ఆవా కూలిబాలీ మాత్రం, సెంటు ఘుమఘుమలతో, గంజిపెట్టి తళతళలాడే నీలం గౌనులో, చకచకా పని నడిపిస్తోంది.

టీ గ్లాసు అందిస్తూ బిరామా ముసలాయన్ని గిల్లాడు. “ఏం తాతా, బొబ్బర్లు మెక్కి నిద్రొస్తోందా? మీ కూలిబాలీలకి ఇంకేం పని!”

ఆ దేశంలో కేటా, కూలిబాలీ ఇంటిపేర్లవాళ్లు తరతరాలుగా పరాచికాల చుట్టాలు; బొబ్బర్లు మెక్కేవాడా అన్నదే వాళ్ల పాత తిట్టు. ఎదురుపడితే తిట్టుకోకపోవడమే తప్పు.

ముసలాయన బోసినోటితో విరగబడి నవ్వాడు. “ఒరేయ్ కేటా! మా ఇంట్లో బొబ్బర్లు దొంగిలించి పెరిగిన వెధవా, నాకే చెబుతావుట్రా? అమ్మా ఆవా, నువ్వూ కూలిబాలీ పిల్లవే కదా, వీడికి నాలుగు తగిలించు!”

మదామ్ చల్లగా నవ్వింది. “పాపం, తెలియక అన్నాడు. నేను క్షమించేశాను. మనం శాంతి కోసం వచ్చాం కదండీ.”

పందిరి కింద జనం మొహమొహాలు చూసుకున్నారు. కూలిబాలీ ఇంట పుట్టిన పసిపిల్ల కూడా కేటాని క్షమించదు!

“ఫోనొచ్చింది,” అంటూ మదామ్ లేచింది. హ్యాండ్‌బ్యాగ్ మాత్రం చాప మీదే ఉండిపోయింది.

బిరామా దూకి బ్యాగ్ తెరిచాడు. లోపల ఎర్రలైటు గబగబా మిణుకుమంటోంది. చుట్టూ మనుషులు, పశువులు. ఎవరూ లేని చోటు ఒక్కటే కనిపించింది. అందులోకి విసిరేసి బోర్లా పడ్డాడు.

ఢాం!

కాపరుల కర్రలు మదామ్‌ని జీపు ఎక్కనివ్వలేదు. దుమ్ము తగ్గాక చూస్తే, బావి లేదు. మట్టికుప్ప ఉంది. బిరామాకి ఏడుపొక్కటే తక్కువ. దేనికోసం ఇన్నాళ్లు టీ కాచాడో, దాన్నే తన చేత్తో పూడ్చేశాడు.

రెండు వర్గాలూ ఒకచోట చేరాయి. ఈసారి మేకల ఊసు కూడా ఎత్తలేదు. ముసలాయన గొంతు సవరించుకున్నాడు.

“రాజీ కుదిరింది. కొత్త బావి ఇద్దరికీ ఉమ్మడి. తవ్వేది కేటా.”

బిరామా నోరు తెరిచేలోగా, ఆయన ఒక చేతిలో పార, రెండో చేతిలో బొబ్బర్ల గిన్నె పెట్టేశాడు.

“మెక్కరా. ఒంట్లో బలం ఉండాలిగా.”