మెనూ బార్‌లో మూడు ఊళ్ళు

"ఎవురు చేసినారు ఈ పని?" అంటూ గణేష్ వంటింటి గడప దగ్గరికి వచ్చాడు. తెరిచిన మ్యాక్‌ను దొంగసొత్తులా రెండు చేతుల్లో పట్టుకున్నాడు. "పైకి పొమ్మంటే కిందికి పోతాండాది. కిందికి పొమ్మంటే పైకి పోతాండాది."

దోసె తిరగేస్తున్న యమున తల తిప్పలేదు. "స్క్రోల్ తిప్పే యాప్ ఒకటి వేసినా. మౌస్‌కొక దిక్కు, ట్రాక్‌ప్యాడ్‌కొక దిక్కు."

"యాల? ఉండే దిక్కుకు ఏమొచ్చింది?"

"టెస్ట్ చేస్తాండా. సాయంత్రానికి తీసేస్తాలెండి."

"నెలంతా ఇదే మాట. మొన్న గడియారం మూలకు పోయింది. నిన్న కీ కొడితే టైప్‌మిషన్ మాదిరి టకటకమనింది. ఈ పొద్దు ఇది. తొమ్మిదో తరగతి ప్రశ్నపత్రం నేనెట్ల ముగించేది?"

"కిందినుంచి పైకి రాయిరా" అంది అతని తల్లి జయమ్మ, చిక్కుడుకాయలు తుంచుతూ. "మీ పిలకాయలు ఎట్లా అట్లే సదువుతాండారు."

ఈ ఇంట్లో తనతో న్యాయంగా మాట్లాడేవాళ్ళే లేరనుకుంటూ గణేష్ మ్యాక్‌ను బల్లమీద పెట్టి స్నానానికి పోయాడు. అప్పుడే యమున ఫోన్ మోగింది.

"మేడం, వాషింగ్ మెషిన్ సర్వీస్ నుంచి."

"పోయిన నెలే బెల్టు మార్చినారే."

"ఈసారి డ్రమ్మే పోయింది మేడం."

యమున స్టవ్ ఆపేసి పెరట్లోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది. డ్రమ్ము పోయిందంటే మనిషి పోయాడని అర్థం.

మదనపల్లెలో ఆ వీధి వాళ్ళకు తెలిసింది ఇంతే. యమున ఎంసీఏ చదివింది, ఉద్యోగానికి పోలేదు, ఎవరో కంపెనీవాళ్ళు పంపే చిన్న చిన్న మ్యాక్ యాప్‌లు వాడి చూసి బాగోగులు రాసి పంపుతుంది. ఆ కంపెనీ నిజానికి బోర్డు లేని గూఢచారి డిపార్ట్‌మెంట్. దానికి చీఫ్ శివకుమార్. ఆయన రికార్డుల్లో యమున మారుపేరు 'కండె'.

"ఎవరు సార్?"

"కొండప్ప. గుడుపల్లె దగ్గర. లారీ గుద్దిందని రాసుకున్నారు. అది రివర్సులో వచ్చి రెండోసారి ఎక్కిన సంగతి రాసుకోలేదు."

కొండప్పను ఆమె ఒక్కసారే చూసింది. కవరు చేతికిచ్చి, "అమ్మా, ఆ సీటు తడిగా ఉండాది, చూసి కూర్చో" అన్న మనిషి.

"హార్బర్ పనేనా?"

"వాళ్ళే." రక్షణ శాఖ ఫ్యాక్టరీల్లో మనుషుల్ని లోబరుచుకునే విదేశీ ముఠాకు డిపార్ట్‌మెంట్ పెట్టిన పేరు హార్బర్. "కుప్పంలో శేఖర్ అని ఒక కుర్రాడు. ఏదో విదేశీ కంపెనీ అనుకుని రెండేళ్ళు ఇంటినుంచే వాళ్ళకు సాఫ్ట్‌వేర్ రాశాడు. నిజం తెలిశాక భయపడి మన దగ్గరికొచ్చాడు. అమ్ముడుపోయినవాళ్ళ లిస్టు అతని దగ్గరుంది. హార్బర్‌కూ ఆ సంగతి తెలిసింది. ఈ పూట అతన్ని మనం తెచ్చుకోకపోతే రేపు అతను ఉండడు. భార్య, ఆరేళ్ళ పాప కూడా అక్కడే ఉన్నారు."

"తెచ్చుకోడానికి అడ్డమేమి?"

"ఎక్కడ కలుద్దామనుకున్నా మనకంటే ముందు వాళ్ళుంటున్నారు. మన మ్యాక్‌లన్నిట్లో ఉన్న మూడు చిన్న యాప్‌లలో ఒకటి లీక్ చేస్తోందని మన బెంగళూరు ఆఫీసు జాహ్నవి రిపోర్టు. ఏదో నువ్వు తేల్చు. శేఖర్ ఉన్న ఇల్లు ప్రస్తుతానికి నా ఒక్కడికే తెలుసు. వాళ్ళ ఫోన్లు ఆపించాను. మ్యాక్ మాత్రం తెరిచి ఉంటుంది."

*

జాహ్నవి బస్టాండ్ పక్క హోటల్లో కూర్చుని ఉంది. బెంగళూరు ఆఫీసులో అందరూ ఒకసారి తిరిగి చూసే మనిషి. నీలం సిల్కు చీర, తలమీదికి ఎత్తిన కూలింగ్ గ్లాసెస్. ఆమెకు కాఫీ ఇచ్చిన సర్వర్ చిల్లర మరిచిపోయి నిలబడ్డాడు.

"మూడూ ఇందులో ఉన్నాయి యమునగారూ" అని పెన్‌డ్రైవ్ జరిపింది. "ఒకేసారి వేసేయండి, టైమ్ కలిసొస్తుంది."

"ఒకేసారి వేస్తే తేడా చేసింది ఏదో ఎట్ల తెలుస్తుందమ్మా? కొత్త చింతపండు, కొత్త కారంపొడి ఒకేనాడు వాడితే పులుసు చెడింది దేనివల్లో చెప్పగలమా?"

జాహ్నవి నవ్వింది. పళ్ళు కూడా చక్కగా ఉన్నాయి. "మీ ఇష్టం. అసలు పని సంగతేంటి?"

యమున గొంతు తగ్గించింది. "యాప్‌లు సాయంత్రం చూస్తా. శేఖర్‌ను పన్నెండున్నరకు గంగవరంలో కలుస్తాండా. రోడ్డు మీది టీ అంగడి. ఇది చీఫ్‌కు కూడా ఇంకా చెప్పలే."

"జాగ్రత్త" అంది జాహ్నవి ఆమె చెయ్యి నొక్కి. ఆ చెయ్యి చల్లగా ఉంది.

ఇంటికొచ్చి యమున పని మొదలుపెట్టింది. స్టీలు అంగట్లో గిన్నె కొన్నప్పుడు పేరు కొట్టించకుండా ఇంటికి తేవడం ఆమెకు చేతకాదు. పెళ్ళికో తద్దినానికో పదిళ్ళ సామాను కలిసిపోయినా పేరు చూస్తే చాలు, గిన్నె ఎవరింటిదో తెలిసిపోతుంది. యాప్‌లకూ ఆమె అదే చేసింది, ఒక్కో దానికి ఒక్కో పేరు కొట్టింది.

మొదటిది కాపీ చేసిన ప్రతి మాటా దాచిపెట్టుకునే యాప్. మిగతా రెండూ మూసేసి, 'శేఖర్, మదనపల్లె టమాటా మార్కెట్ యార్డు, పన్నెండున్నర' అని టైప్ చేసి కాపీ కొట్టింది. మెనూ బార్‌లో దాని గుర్తు ఒకసారి మినుక్కుమంది. దాన్ని తీసేసి రెండోది వేసింది. అది ఫొటోలోని అక్షరాలను చదివే యాప్. కాగితం మీద 'శేఖర్, పుంగనూరు బస్టాండ్, పన్నెండున్నర' అని రాసి ఫొటో తీసి దానికి చూపించింది. మూడోది పసుపు చీటీలు అంటించే యాప్. ఒక మ్యాక్‌లో రాసిన చీటీని జత కలిపిన ఇంకో మ్యాక్ తెరమీదికి పంపుతుంది. శేఖర్ మ్యాక్‌కూ అది జతై ఉంది. ఎవరికీ పంపకుండా ఒక చీటీ మీద 'శేఖర్, కుప్పం రైల్వేస్టేషన్, పన్నెండున్నర' అని రాసి వదిలింది.

ఏ ఊరికి హార్బర్ మనుషులు వస్తే ఆ పేరున్న యాప్ దొంగది. మూడు చోట్లా చీఫ్ మనుషులు కాపలా ఉంటారు. యమున మ్యాక్‌ను వైరుబుట్టలో అడుగున పెట్టి, పైన కొత్తిమీర కట్టలు పరిచి, పలమనేరు బస్సెక్కింది.

*

గంగవరం టీ అంగడి బెంచీ మీద ఆమె కూర్చునేసరికి పన్నెండుంపావు. ఎండ తెల్లగా కాస్తోంది. శేఖర్ అక్కడికి రాడు. అతనికి ఆ సంగతే చెప్పలేదు.

పన్నెండున్నర దాటాక మెసేజ్‌లు వచ్చాయి. మార్కెట్ యార్డు నుంచి పాపన్న: 'టమాటా తప్ప ఏం లేదు.' పుంగనూరు నుంచి కౌసల్య: 'అంతా ప్రయాణికులే.' కుప్పం స్టేషన్లో పూలమ్మే మునీశ్వరి: 'ఈడ ఎవురూ రాలేదు మేడం.'

రోడ్డు అవతల తెల్ల కారు ఆగింది. ఇద్దరు దిగారు. ఆ ఎండలో ఇద్దరూ చొక్కాలమీద కోట్లు వేసుకుని ఉన్నారు. ఒకడు టీ అంగడికి వచ్చి, కూర్చున్నవాళ్ళ ముఖాలను ఒక్కొక్కటే చూసి, ఫోన్లోని ఫొటోతో పోల్చుకున్నాడు. యమున మీద అతని చూపు ఆగింది. ఆమె కొత్తిమీర కట్ట తీసి వాడిపోయిన ఆకులు గిల్లసాగింది.

"ఎంతకిస్తావ్?" అన్నాడు.

"అమ్మేది కాదప్పా, ఇంటికి."

అతను రోడ్డు దాటి కారు దగ్గరికి వెళ్ళిపోయాడు.

గంగవరం పేరు ఏ యాప్‌లోనూ లేదు. అది ఆమె నోటితో చెప్పిన పేరు, ఒక్క మనిషికి. అనుమానంతో చెప్పింది కూడా కాదు. అన్నిటికీ పేరు కొట్టేటప్పుడు ఒకదాన్ని వదిలేయడం ఆమె పద్ధతి కాదు, అంతే.

చీఫ్‌కు ఫోన్ చేసింది. "సార్, యాప్‌లు మూడూ మంచివే. దొంగ జాహ్నవి. ఆ ఇల్లు ఎవరికన్నా చెప్పినారా?"

"గంగవరంలో నీకు ప్రమాదమని, శేఖర్‌ను తనే తెస్తానని అడిగింది. కుప్పంలోనే ఉన్నానంది. ఇచ్చి పది నిమిషాలైంది."

"మునీశ్వరిని పంపండి."

"స్టేషన్ నుంచి ఆ ఇంటికి ఆటోలో పావుగంట."

పావుగంట లేదు. శేఖర్‌కు ఫోన్ లేదు. యమున కొత్తిమీర పక్కన పడేసి బెంచీ మీదే మ్యాక్ తెరిచింది. ఫోన్ హాట్‌స్పాట్ ఒక్క గీత చూపిస్తోంది. పసుపు చీటీల యాప్ నొక్కింది. రంగుల చక్రం తిరుగుతోంది. తిరుగుతూనే ఉంది. రోడ్డు అవతల ఆ ఇద్దరూ ఇంకా కారెక్కలేదు, ఒకడు ఇటే చూస్తున్నాడు. చీటీ తెరుచుకుంది.

'తలుపు తీయొద్దు. వచ్చే ఆమె మా మనిషి కాదు. పాపను తీసుకొని వెనకనుంచి పోండి.'

పంపింది. తెరమీద ఏమీ మారలేదు. తర్వాత అదే చీటీ కింద అక్షరాలు ఒక్కొక్కటే పడ్డాయి. అవి శేఖర్ భార్య నందినివి.

'తలుపు కొడతాండారు. పాప తీసేకి పోయింది.'

నిమిషం గడిచింది. ఇంకో నిమిషం.

టీ అంగడిలో గ్లాసులు కడుగుతున్న చప్పుడు. కారు స్టార్ట్ అయి కుప్పం దారి పట్టింది. ఆమె దాని నంబరు రాసుకుంది.

ఇరవై నిమిషాల తర్వాత ఫోన్ మోగింది. మునీశ్వరి ఆయాసపడుతోంది. "మేడం, ముగ్గురూ మల్బరీ తోటలో ఉండారు. గడియ మీద చెయ్యేసిన పాపను వాళ్ళమ్మ జుట్టు పట్టుకుని లాగిందంట, ఇంకా ఏడుస్తాండాది. మీ సిల్కు చీరామె గడియ పగలగొట్టి లోపల నిలబడి ఉండాది, నేనూ ఇద్దరు కానిస్టేబుళ్ళూ పట్టుకున్నాం. హ్యాండ్‌బ్యాగ్‌లో సూదిమందు."

"ఏమన్నా అనిందా?"

"మీకేదో చెప్పమనింది. 'ఆవిడ నన్ను కూడా టెస్ట్ చేసిందా' అని అడిగింది."

తెల్ల కారును సాయంత్రం లోపల వి.కోట దగ్గర ఆపారు. లిస్టు చీఫ్‌కు అందింది. కాని డిపార్ట్‌మెంట్ దాచే ఇళ్ళన్నీ జాహ్నవికి తెలుసు. ఆమెకు తెలిసిందంతా హార్బర్‌కు తెలుసు. యమున ఇల్లు మాత్రం డిపార్ట్‌మెంట్‌లో చీఫ్‌కు తప్ప ఎవరికీ తెలియదు. ఆ లిస్టులో ఉన్నవాళ్ళు ఇంకా బయటే తిరుగుతున్నారు.

*

మరునాడు ఆదివారం. మధ్యాహ్నం సంగటి, చిక్కుడుకాయ పులుసు. ముగ్గురూ కూర్చున్నాక యమున అందరికీ వడ్డించి, తనూ ఒక ముద్ద తిని, అప్పుడు చెప్పింది.

"మిద్దె మీది గదిలో ఈ సాయంత్రం నుంచి ముగ్గురుంటారు. మొగుడూ పెళ్ళాం, ఒక పాప."

గణేష్ చెయ్యి కంచంలో ఆగింది. "ఎవురు వాళ్ళు?"

"నేను టెస్ట్ చేసే యాప్‌లు వాడేవాళ్ళు."

"యాప్‌లు వాడేవాళ్ళంతా మనింటికొచ్చి ఉంటారా ఏమి? ఎన్నాళ్ళు?"

"తెలీదు. నిర్ణయమైపోయింది. వీధిలో అడిగితే మా పిన్నమ్మ కొడుకని చెప్పండి."

గణేష్ ఆమె ముఖంలోకి చూశాడు. తర్వాత పులుసు కలుపుకున్నాడు.

"సంగటి తింటారా వాళ్ళు?" అంది జయమ్మ.

"తింటారత్తా. ఒక్కటే మాట. ఇంకమీదట తలుపు ఎవురు కొట్టినా మీరెవురూ లేయొద్దు. నేనే తీస్తా."

జయమ్మ ముద్ద మింగి మంచినీళ్ళు తాగింది. "ఇన్నాళ్ళకు నా మోకాళ్ళను తలుసుకునే కోడలైనావు తల్లీ" అంది.