ఒక పొయ్యి మీద రెండు అన్నాలు

"ఆ ముద్ద కింద పెట్టండి! తినకండి!"

సరోజన గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. చెవి దగ్గర ఫోను ఇంకా అలాగే ఉంది. భోజనాల బల్ల దగ్గర భర్త మధుసూదన్ చేయి నోటి దాకా వెళ్ళి ఆగిపోయింది. అతని ఎదురుగా కూర్చున్న భ్రమరాంబ కోడలి వైపు నమ్మలేనట్టు చూసింది.

"తినేవాడి చేతిలో ముద్ద ఆపుతావా సరోజనా! ఎవరైనా వింటే ఏమనుకుంటారు?"

"అత్తయ్యా, హాస్పిటల్ నుంచి ఫోను..." అంది సరోజన.

పొద్దున ఇచ్చిన రక్తపరీక్షలో మధుసూదన్‌కి పొటాషియం మితిమీరి వచ్చింది. గుండె ఏ క్షణమైనా లయ తప్పవచ్చు. ఇంకేమీ తినిపించకుండా ఉన్నపళంగా ఎమర్జెన్సీకి తీసుకురమ్మని కిడ్నీ క్లినిక్ నర్సు చెప్పింది. చెప్పింది మెల్లగానే. కానీ ఆ నర్సు అంత మెల్లగా మాట్లాడటం సరోజన ఇంతకు ముందెప్పుడూ వినలేదు. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది.

మధుసూదన్ ముద్దను కంచంలో వదిలి లేచాడు. ముదురు రంగు అన్నం, పక్కన పాలకూర పప్పు. సగమే తిన్నాడు. కెనడాలోని బ్రాంప్టన్‌లో ఆ మధ్యాహ్నం ఎండ బాగా కాస్తోంది. కారు తీస్తుంటే సరోజన చేతులు మాత్రం చల్లగా ఉన్నాయి.

* * *

మధుసూదన్ కిడ్నీలు రెండూ పాడవుతున్నాయని తెలిసి ఏడాది కావస్తోంది. తన కిడ్నీ ఇస్తానని సరోజన ఆ రోజే అంది. పరీక్షలన్నీ చేశారు. రక్తం కలిసింది, అన్నీ కలిశాయి. ఒక్కటే అడ్డం వచ్చింది... ఆమె బరువు! ఎనభై ఎనిమిది కిలోలు. డెబ్బై ఎనిమిదికి దిగితేగానీ ఆపరేషన్ చేయలేమన్నారు. సెప్టెంబరు నాలుగున మళ్ళీ తూస్తామన్నారు. అప్పటికీ దిగకపోతే ఆమె ఫైలు పక్కన పెట్టి, మధుసూదన్‌కి డయాలసిస్ మొదలుపెట్టక తప్పదు.

పది కిలోలు! ఇద్దరు మనుషుల ప్రాణం ఆ పది కిలోల దగ్గర ఆగింది.

మొదట సోనా మసూరి అన్నమే సగం తగ్గించి తింది. సాయంత్రం నాలుగయ్యేసరికి కళ్ళు తిరిగేంత ఆకలి. వంటింట్లోకి వెళ్తే గిన్నె అడుగున మిగిలిన అన్నం కనిపించేది. అన్నం పారేయకూడదని చిన్నప్పటి నుంచి నేర్చుకున్న చేయి, దాన్ని నోటికే అందించేది. బాస్మతికి మారింది. పలావు బియ్యంతో పప్పన్నం ఏమిటని అత్తగారు నవ్వారు. కొర్రలు తెచ్చింది. రెండు వారాలు తినేసరికి అవి గొంతు దిగనన్నాయి. చివరికి ఇండియన్ స్టోరులో బస్తాల వరుస ముందు చాలాసేపు నిలబడి, బ్రౌన్ రైస్ సంచి ఎత్తుకొచ్చింది. కొలతగా ఒక్క కప్పు తింటే సాయంత్రం దాకా కడుపు నిలిచేది. మూడు నెలల్లో ఆరు కిలోలు తగ్గింది!

ఆమె తనకోసం చిన్న గిన్నెలో ఆ బియ్యం విడిగా వండుకోబోయిన మొదటి రోజే భ్రమరాంబ అడ్డుపడింది.

"ఒకే పొయ్యి మీద మొగుడికో అన్నం, పెళ్ళానికో అన్నమా? ఇల్లు రెండయినప్పుడు పెడతారమ్మా రెండో గిన్నె! నేను బతికుండగా ఈ ఇంట్లో వద్దు."

మధుసూదన్ ఇంకోలా అన్నాడు. "నాకోసం నువ్వు ఆ ముతకన్నం నములుతుంటే, నేను పక్కన కూర్చుని మల్లెపూవు లాంటి అన్నం తినాలా? నాకూ అదే పెట్టు సరోజా."

ఆ మాటకు ఆ రోజు ఆమె కళ్ళు తడిశాయి. ఇక అప్పటి నుంచి ముగ్గురికీ ఒకటే గిన్నె. ముగ్గురికీ అదే బియ్యం, అదే పాలకూర, అదే టమాటా పప్పు.

క్లినిక్‌లో ఇచ్చిన కాగితం ఫ్రిజ్ తలుపుకు అంటించే ఉంది. తినదగినవి అన్న వరుసలో మొదటిదే వైట్ రైస్. సరోజన చదవకపోలేదు. చదివి, పొరపాటున అచ్చు వేశారేమో అనుకుంది. తెల్లన్నం విషమని, ముడిబియ్యం ఆరోగ్యమని ఎన్నేళ్ళుగా ఎంతమంది చెప్పారు! వాట్సాప్ తెరిస్తే అదే, గుడికి వెళ్తే అదే. వైట్ రైస్ తినమని ఏ డాక్టరైనా రాస్తాడా?

అడిగి ఉండవలసింది. ఒక్క మాట... అడిగి ఉండవలసింది.

* * *

గుండె దగ్గర తీగలు అంటించి, చేతికి మందు ఎక్కించారు. మానిటరు మీద పచ్చని గీత ఎగిరిపడుతుంటే సరోజన దాన్నే చూస్తూ కూర్చుంది. చాలాసేపటికి గీత నెమ్మదించింది.

"కనీసం ఆ ముద్దయినా తిననివ్వవలసింది," అన్నాడు మధుసూదన్ పొడిబారిన పెదవులతో నవ్వుతూ. "మా అమ్మ నిన్ను జన్మలో క్షమించదు."

సరోజన అతని దుప్పటి సర్దింది.

ఆహారం సంగతి చూసే అమ్మాయి కుర్చీ లాక్కుని కూర్చుని, ఇంట్లో ఏమేం తింటారని అడిగింది. సరోజన ఒక్కొక్కటే చెప్పింది. బ్రౌన్ రైస్ అన్నప్పుడు ఆమె గొంతులో కాస్త గర్వం కూడా ఉంది! ఆ అమ్మాయి రాస్తున్న కలం ఆగింది.

"ఎన్నాళ్ళుగా?"

"మూడు నెలలు."

ఆ అమ్మాయి తప్పు పట్టలేదు. ఇంగ్లీషులో, తేలిక మాటల్లో చెప్పింది. బియ్యం మీది తవుడు పొరలో పొటాషియం, ఫాస్ఫరస్ ఉంటాయి. మంచి కిడ్నీ వాటిని బయటికి పంపేస్తుంది. పాడైన కిడ్నీ పంపలేదు. ఆకుకూరలు, పప్పు, టమాటా కూడా అంతే. "మీకు మంచిదే. మీరు మానకండి. కానీ ఆయనకు తెల్లన్నమే పెట్టాలి. ఒకే వంట మీ ఇద్దరికీ సరిపడదు."

సరోజన తల ఊపింది. తన చేత్తోనే... రోజూ రెండు పూటలా... కొసరి కొసరి వడ్డించింది! "ఇంకొంచెం వేయనా?" అని అడిగి మరీ వేసింది. బాత్రూములోకి వెళ్ళి కుళాయి తిప్పి, ఆ నీళ్ళ చప్పుడులో ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చింది.

* * *

ఆదివారం ఇంటికి పంపించారు. ఆ సాయంత్రమే సరోజన బ్రౌన్ రైస్ సంచి గరాజులో పడేసి, అందరికీ సోనా మసూరి వండింది. అత్తగారితో ఏమీ అనలేదు. అనడానికి ఓపిక లేదు. తను రోజూ మూడు చెంచాల అన్నం పెట్టుకుని లేచిపోయేది, ఆకలికి ఆగలేక తర్వాత గిన్నె అడుగు ఊడ్చేది.

"అదేం తిండి సరోజా?" అన్నాడు మధుసూదన్.

"ఆకలి లేదండీ."

బుధవారం తూకం మీద నిలబడింది. ఎనభై మూడు! ఆస్పత్రికి వెళ్ళే ముందు ఎనభై రెండు. ఇంకా అయిదు వారాలే ఉన్నాయి.

ఆ మధ్యాహ్నం తను పనిచేసే పిల్లల డేకేర్ నుంచి ఇంటికొచ్చింది. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. మధుసూదన్ పడుకున్నాడు. సింకు పక్కన గిన్నెలో అన్నం మిగిలి ఉంది. ఒక్క ముద్దే అనుకుంది. కూర లేదు, పచ్చడి లేదు, ఉప్పయినా లేదు... నిలబడే, చేత్తోనే, గిన్నె అంచు పట్టుకుని తింటోంది. కన్నీళ్ళు గిన్నెలో పడుతున్నాయి. చేయి మాత్రం ఆగడం లేదు.

"సరోజనా!"

గుమ్మంలో భ్రమరాంబ.

సరోజన చేయి వెనక్కి దాచుకుంది, దొంగతనం చేస్తూ దొరికిన పిల్లలా.

"ఏంటమ్మా ఇది... నిలబడి, వట్టన్నం..."

"ఆకలేసింది అత్తయ్యా!" ఇన్ని రోజులూ అదిమిపెట్టిన మాట బయటపడింది. "ఆకలేసింది! పొద్దుట్నుంచీ ఏం తినలేదు. ఆయన అన్నం నాకు పనికిరాదు, నా అన్నం ఆయనకి పనికిరాదు. ఒక్క గిన్నె అన్నారు, సరే అన్నాను. ఆ ఒక్క గిన్నే ఆయన్ని ఆస్పత్రికి చేర్చింది. ఇప్పుడు నన్ను లావు చేస్తోంది. నాలుగో తారీకున నన్ను కాదంటే నేనేం చేయాలి? ఇల్లు రెండయితే అవనివ్వండి... నాకు మనిషి మిగలాలి అత్తయ్యా! నాకు వేరే గిన్నె కావాలి."

పన్నెండేళ్ళ కాపురంలో సరోజన ఆమెకు ఎదురు చెప్పడం అదే మొదలు.

భ్రమరాంబ మొహం నల్లబడింది. వెనక్కి తిరిగి, గోడ పట్టుకుంటూ బేస్‌మెంటు మెట్లు దిగి వెళ్ళిపోయింది.

సరోజన గిన్నె కింద పెట్టింది. ఎంత మాట అనేసింది! కాలేజీలో చదివే నలుగురు అమ్మాయిలు కింద అద్దెకుంటారు. వాళ్ళతో చెప్పుకుని ఏడుస్తుందా? బట్టలు సర్దుకుంటానంటుందా? సరోజన పై మెట్టు మీద నిలబడి చెవి ఒగ్గింది.

"ఏమే స్వీటీ, ఇవేంటే ఇన్ని? నాలుగు కుక్కర్లా! నలుగురు ఆడపిల్లలకి నాలుగా?" అత్తగారి గొంతు.

"ఎవరి షిఫ్టు వాళ్ళది గదా అమ్మమ్మా," అంటోంది స్వీటీ. కరీంనగర్ పిల్ల. "ఒకామె వేర్‌హౌస్ నుంచి తెల్లారంగ వస్తది. నేను కాలేజీకెళ్ళి రెండింటికి వస్త. ఒక్కతే వండితే ఇంకొకామెకు సల్లగైతది. అందుకని ఎవరిది వాళ్ళు పెట్టుకుంటం."

"మరి కొట్టుకోరూ? వేరు పడ్డట్టు కాదూ?"

"కొట్టుకుంటం," స్వీటీ నవ్వింది. "బాత్‌రూం కాడ రోజూ కొట్టుకుంటం. అన్నం కాడ ఎందుకు కొట్టుకుంటం? గిన్నెలు ఎన్నున్నా ఆదివారం ఒక్క చాప మీదనే కూసుంటం గదా. ఎవరి గిన్నెలకెళ్ళి ఎవరు తింటున్నరో కూడా తెల్వదు."

తర్వాత భ్రమరాంబ అంది, "ఒక కుక్కరు నాకిస్తావా తల్లీ? కొత్తది కొనేదాకా."

ఆమె మెల్లగా మెట్లెక్కి వచ్చింది. ఎర్ర మూత ఉన్న చిన్న కుక్కరును పసిబిడ్డలా రెండు చేతులతో పొదివి పట్టుకుంది. దాన్ని పొయ్యి పక్కన పెట్టి, ఊపిరి తీసుకోవడానికి కుర్చీలో కూర్చుంది.

"నీకెప్పుడూ చెప్పలేదు సరోజనా. మార్కాపురంలో మా ఇంట్లో రెండో గిన్నె పెట్టింది నేనే."

సరోజన ఆమె కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుంది.

"మా తోడికోడలు కాంతానికీ నాకూ మాటా మాటా పెరిగింది. కూరలో కారం గురించి! అంత చిన్న సంగతి. నా అన్నం నేనే వండుకుంటానని కట్టెల పొయ్యి మీద వేరే గిన్నె పెట్టాను. మా అత్తగారు మధ్యలో పీట వేసుక్కూర్చునేది. నా గిన్నెలోది తింటే కాంతం అలిగేది, కాంతం పెట్టింది తింటే నేను మొహం తిప్పుకునేదాన్ని. ఏ గిన్నెలోది తినాలో తేల్చుకోలేక ఆ మనిషి మజ్జిగ తాగి పడుకునేది. ఆ ఎండాకాలమే పోయింది... రెండు గిన్నెల నిండా అన్నం ఉందమ్మా ఆ రోజు!"

కళ్ళు తుడుచుకుంది.

"అందుకే గిన్నె అంటే భయం నాకు. తప్పు గిన్నెది కాదని, పెట్టిన చేతిదని, డెబ్బై నాలుగేళ్ళకి కిందున్న చిన్నపిల్ల చెబితే తెలిసింది. గరాజులోంచి నీ బియ్యం తెచ్చుకో. ఎంత నీళ్ళు పొయ్యాలో చెప్పు. నేను పెడతాను."

సరోజన ఆమె ఒడిలో తల పెట్టుకుంది.

* * *

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో రెండు కుక్కర్లు. కొలత కప్పు భ్రమరాంబ చేతిలో ఉండేది. గింజ ఎక్కువ పోయనిచ్చేది కాదు. కడుపు మాడ్చుకోనిచ్చేదీ కాదు. మధుసూదన్‌కి తెల్లన్నం, పొటాషియం పోయేలా నీళ్ళు మార్చి ఉడికించిన కూరలు. సరోజనకు తన కప్పు అన్నం, పప్పు, ఆకుకూర. సాయంత్రం ముగ్గురూ ఒకేసారి బల్ల దగ్గర కూర్చోవాలని మాత్రం ఆమె పట్టు. మిగిలిన అన్నం సింకు పక్కన కనిపించేది కాదు. కొడుకూ కోడలూ లేచాక, ఆ మిగిలింది ఆమే తినేది.

సెప్టెంబరు నాలుగు. క్లినిక్‌కి భ్రమరాంబ కూడా వచ్చింది. వద్దన్నా వినలేదు. సరోజన చెప్పులు విప్పి, గాజులు కూడా తీసి అత్తగారి చేతిలో పెట్టి తూకం ఎక్కింది. కళ్ళు మూసుకుంది. నర్సు చెప్పేదాకా తెరవలేదు.

డెబ్బై ఏడున్నర!

మధుసూదన్ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. అతని భుజాలు కదులుతుంటే సరోజన చూసి, చూడనట్టు గాజులు వేసుకుంది. తర్వాతి పరీక్షకు ఇంకా గంట సమయం ఉందని నర్సు చెప్పింది.

క్లినిక్ వరండాలో బల్ల మీద భ్రమరాంబ సంచి విప్పింది. మూడు డబ్బాలు. "ఎర్ర మూత నీది. తెల్ల మూత వీడిది. మార్చుకున్నారో, చంపుతాను."

"మరి మీది ఏ అన్నం అత్తయ్యా?" అడిగింది సరోజన. ఇన్ని వారాల్లో ఆ మాట అడగాలనే తనకు తోచలేదని అప్పుడే గుర్తించింది.

భ్రమరాంబ మూడో డబ్బా మూత తీసింది. అందులో ఒక పక్క తెల్లన్నం, ఒక పక్క ముతకన్నం. నడుమ గీత లేదు. రెండూ అంచుల దగ్గర కలిసిపోయి ఉన్నాయి.

"మా అత్తగారికి తోచని సంగతి నాకు తోచింది," అంది ఆమె, ముద్ద కలుపుకుంటూ. "తినండి, చల్లారిపోతుంది."