నాన్న పేరు మీద నా గుండె

"ఈ గుండె మీ నాన్నగారిది కాదండీ."

చంపాపేట్ మెయిన్ రోడ్డులో నా బ్యాటరీల షాపు ఉంది. దాని కౌంటర్ మీద కాగితాల కట్ట ఒకటి పెట్టి బిందుమాధవి అన్న మొదటి మాట అది. నమస్కారం లేదు, ఏమీ లేదు. బయట జల్లు పడుతోంది. స్కూటీ మీద తడిసి వచ్చినట్టుంది, చున్నీ చివర నుంచి నీళ్లు కారుతున్నాయి. కోపంలో కూడా ఇంత బాగుంటారా మనుషులు అనుకున్నాను. వెంటనే నన్ను నేనే తిట్టుకున్నాను. దొరికిపోయిన దొంగ ఆలోచించాల్సిన విషయమా ఇది?

"ఏంది మేడం, గట్ల అంటున్నరు?" అన్నాను, ఏమీ తెలియనట్టు.

"ఎలా అనమంటారు? రోజూ ఉదయం ఆరున్నరకు స్కూల్ బస్సు తోలుతున్నానని డైరీలో రాశారు మీ నాన్నగారు. ఆ టైమ్‌లో ఈ గుండె హాయిగా నిద్రపోతోంది. ఏడు రోజుల్లో ఒక్కసారి కూడా లయ తప్పలేదు. క్యాంపులో ఆయన నాడి నేనే చూశాను మహిపాల్ గారూ. ఒకటి కొట్టి, ఆగి, గబగబా రెండు కొట్టింది. ఇది ఆయనది కాదు. ఎవరో పాతికేళ్ల కుర్రాడిది."

"ఇరవై ఏడు మేడం."

"ఏమిటి?"

"కుర్రాడికి ఇరవై ఏడు."

నోటికి తాళం లేకపోవడం నాకు మా అమ్మ పోలిక.

మూడు వారాల క్రితం హయత్‌నగర్‌లో మా వీధి చివరి ఫంక్షన్ హాల్లో క్యాంపు పెట్టారు. బిందుమాధవి అక్కడ రీసెర్చ్ అసిస్టెంట్. యాభై ఐదు దాటినవాళ్లలో ఎంతమందికి తెలియకుండానే గుండె లయ తప్పుతోంది, దానివల్ల పక్షవాతం, గుండెజబ్బుల ముప్పు ఎంత పెరుగుతోంది, ఇదీ వాళ్ల స్టడీ. నాన్న నాడి చూసి ఆమె ముఖం మారింది. అగ్గిపెట్టెంత మెషీన్, దానికి నాలుగు వైర్లు, ఛాతీకి అతికించుకునే స్టిక్కర్లు, రోజూ ఏ టైమ్‌లో ఏం చేశారో రాసే డైరీ ఇచ్చి, ఏడు రోజులు మెషీన్ తీయొద్దంది.

ఇంట్లో అడుగు పెట్టగానే నాన్న దాన్ని పీకేశాడు.

"బస్సు తోలెటోని ఎదకు వైర్లు కనబడితే స్కూల్ల ఉంచుతరార? నువ్వు పెట్టుకో," అన్నాడు.

"నేను పెట్టుకుంటే ఎట్ల నాయినా? నీ గుండె గద చూడాల్సింది."

"నువ్వు నా రక్తం కాదా? గుండె ఏమన్న వేరే ఉంటదా?"

మా అమ్మ అరుణమ్మ కూడా "అవును గద" అంది. ఇద్దరూ అంత ధీమాగా చెబితే నాకూ నిజమేననిపించింది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంది, కానీ అప్పుడు అనిపించింది మరి.

మూడో రోజు, ఐదో రోజు ఆమె ఇంటికి వచ్చింది. ఆడపిల్ల ముందు చొక్కా విప్పనని నాన్న మొండికేస్తే, సరేలెమ్మని కొత్త స్టిక్కర్లు అమ్మ చేతికి ఇచ్చి, నా పక్క కుర్చీలో కూర్చుని నాన్నను ప్రశ్నలు అడిగింది. మెషీన్ నా చొక్కా కిందే ఉంది. ఆమె నాన్న గుండె గురించి రాసుకుంటోంది, మెషీన్ నా గుండె గురించి రాసుకుంటోంది.

"నవ్వులాటగా ఉందా మీకు?" అంది షాపులో ఆమె, కాగితాలు నా ముందుకు తోసి. "నేను చూసుకోకుండా పంపి ఉంటే మీ నాన్నగారికి ఏమీ లేదని రిపోర్టు వచ్చేది. మీరంతా నిశ్చింతగా ఉండేవారు. మేం ఉన్నట్టే."

"మీరా?"

"మా నాన్న సాంబమూర్తి గారు దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో ఇరవై ఏళ్లు ఫిజిక్స్ చెప్పారు. సీటు దొరక్కపోతే కిటికీ దగ్గర నిలబడి వినేవారు పిల్లలు. గుండె దడగా ఉందంటే గ్యాస్ అన్నాం. ఒకరోజు బోర్డు మీద రాస్తూ రాస్తూ పడిపోయారు. పక్షవాతం. ఇప్పుడు కుడి చెయ్యి లేవదు, నా పేరు కూడా పలకలేరు."

తడి చున్నీతోనే కళ్లు తుడుచుకుంది. నేను లేచి షట్టర్ కిందికి లాగాను.

"ఇంటికి పోదాం పాండ్రి మేడం. నాయినతోని మాట్లాడుదాం."

మేం వెళ్లేసరికి నాన్న డ్యూటీ దిగి వచ్చి మంచం మీద కూర్చున్నాడు. విషయం తెలిసిపోయిందని చెప్పగానే తల దించుకున్నాడు. ఆమె కోప్పడలేదు. స్టూలు దగ్గరికి జరుపుకుంది.

"బాబాయ్ గారూ, ఎప్పుడైనా కాలో చెయ్యో మొద్దుబారిందా? మాట తడబడిందా?"

"ఏం లేదమ్మా. గుండ్రాయి లెక్క ఉన్న."

నాకు ఒళ్లు మండింది. "నాయినా, మనిద్దరం ఆడిన అబద్ధం చాలు. ఆ పిల్ల వానల తడుసుకుంట వచ్చింది. నిజం చెప్పు."

నాన్న గోడ వైపు చూస్తూ మొదలుపెట్టాడు.

"పోయిన నెల. పెద్ద అంబర్‌పేట్ కాడ. బస్సుల ముప్పై ఆరు మంది పిల్లలు. ఉన్నట్టుండి కుడికాలు నాది కానట్టే అయింది. బ్రేక్ మీద ఉన్నదో లేదో తెలుస్తలేదు. చేతి బ్రేకు గుంజి పక్కకు ఆపిన. పది నిమిషాలకు మల్ల మంచిగైంది. టైరు చూస్తున్ననని పిల్లలకు చెప్పిన."

"నాకన్న చెప్పొద్దా?" అంది అమ్మ.

"చెప్తే బస్సు పోతది. ఇంకేం పని వస్తది నాకు? గా దినం నుంచి రోజూ పానం అరచేతుల పెట్టుకొనే తోలుతున్న. నాది కాదే, గా పిల్లలది."

మా నాన్న భిక్షపతి ఏడవగా నేను చూడటం అదే మొదటిసారి. ఆ ఏడు రోజులూ నేను మెషీన్ తగిలించుకుని, ఆమె వచ్చినప్పుడల్లా గాజుల చప్పుడు వింటూ మురిసిపోయాను. ఆ ఏడు రోజులూ ఆయన ముప్పై ఆరు మంది పిల్లలతో హైవే ఎక్కాడు. నా మీద నాకే అసహ్యం వేసింది.

"మెషీన్ సంగతి తర్వాత," అంది బిందుమాధవి లేచి. "ముందు హాస్పిటల్‌కి. ఇప్పుడే."

ఎల్బీ నగర్‌లో ఈసీజీ తీసిన డాక్టర్ ఎక్కువసేపు ఆలోచించలేదు. గుండె పై గదులు సరిగా కొట్టుకోకుండా వణుకుతున్నాయట. అక్కడ నిలిచిన రక్తం గడ్డకట్టి మెదడుకు వెళ్తే పక్షవాతమే. పెద్ద అంబర్‌పేట్ దగ్గర జరిగింది ముందస్తు హెచ్చరిక. రక్తం గడ్డకట్టకుండా మాత్రలు రాసి, తాను చెప్పేదాకా స్టీరింగ్ ముట్టుకోవద్దన్నాడు.

మర్నాడు నాన్నే వెళ్లి స్కూల్లో బస్సు తాళం ఇచ్చి, జరిగింది జరిగినట్టు చెప్పాడు. వాళ్లు తిట్టారు. తిట్టి, గేటు దగ్గర పిల్లల్ని బస్సులు ఎక్కించే పని ఇచ్చారు. జీతం తగ్గింది. నాన్న గొణుగుతాడు గానీ, రాత్రి గురకపెట్టి నిద్రపోతున్నాడు.

పది రోజుల తర్వాత నన్ను స్టడీ ఆఫీసుకు పిలిచారు. వాళ్ల పెద్ద డాక్టర్ ఇందిరాదేవి గారు ఆ ఏడు రోజుల లెక్కను కొట్టేసి, అసలేం జరిగిందో నా చేతిరాతతో కావాలన్నారట. బిందుమాధవి ఫారం ముందు పెట్టింది.

"ఇంకో విషయం. మూడో రోజు సాయంత్రం అయిదూ పదికి మీ గుండె వేగం నూట పద్దెనిమిది. ఐదో రోజు నూట ఇరవై నాలుగు. మెట్లెక్కారా?"

"లేదు మేడం. కూర్చున్న."

"కూర్చుంటే నూట ఇరవై నాలుగా?" ఆమె నిజంగానే కంగారుపడింది. "అయితే మీకూ టెస్టు చేయించాలి. కారణం ఏదైనా ఉంటే ఇక్కడ రాయండి."

పెన్ను పట్టుకుని కూర్చున్నాను. మెట్లెక్కానని రాస్తే అయిపోయేది. కానీ మా ఇంట్లో అబద్ధం ఎంతదాకా వచ్చిందో చూశాక చెయ్యి రాలేదు. రాశాను: మేడం మా ఇంటికి వచ్చి నా పక్కన కూర్చున్నారు.

ఆమె చదివింది. మళ్లీ చదివింది. చెవులు ఎర్రబడ్డాయి.

"టీ తాగి ఉంటారు. టీకి కూడా పెరుగుతుంది."

"టీ మీరు పోయినంక తాగిన."

"ఇది ఇందిరాదేవి మేడమ్ చూస్తారు."

"చూడనియ్యండి. నిజమే గద. నేనైతే ఎన్నడూ చెప్పకపోదును. ఫారం అడిగింది, రాసిన."

ఆమె పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంది. తర్వాత కిందున్న గడిలో తను కూడా రాసి నా వైపు తిప్పింది: ఇకమీదట ఈ ఇంటికి వేరే అసిస్టెంట్‌ను పంపగలరు.

 "మీరు రారా మేడం?"

"స్టడీ పని మీద రాకూడదు. మీరు ఇలా రాశాక అసలు రాకూడదు." ఫారం ఫైల్లో పెట్టి, ఆ ఫైలుకే చెబుతున్నట్టు మెల్లగా అంది. "ఆదివారం మీరు మా ఇంటికి రండి. ఇదే మాట మా నాన్న ముందు చెప్పండి. ఆయనకు మాట రాదు గానీ అన్నీ అర్థమవుతాయి. తొందరపడకుండా నెమ్మదిగా చెప్పండి. నచ్చితే ఎడమ చేత్తో మీ చెయ్యి పట్టుకుంటారు."

"నచ్చకుంటే?"

"మళ్లీ ఆదివారం రండి," అంది. "నాకైతే నచ్చింది."